మూడు ప్రతుల్లో స్నానం

పసిబిడ్డకి నీళ్ళు పొయ్యడానికి ఏ చదువు చదవాలో మా శాఖవాళ్ళు కనిపెట్టేదాకా లోకానికి తెలియదు. బీయెస్సీ ఫిజిక్సు, బీఎడ్డు, పన్నెండేళ్ళ అనుభవం. ఈ మూడూ ఉన్న పాపానికి, కొండమీద హైస్కూల్లో పదో తరగతికి ఉష్ణం పాఠం చెప్పుకుంటున్న నన్ను పట్టుకొచ్చి, ఊరవతల శిశుగృహలో డిప్యుటేషన్ మీద వేశారు. నా పేరు గొర్లె సన్యాసిరావు. హోదా, నీటి సమ్మేళన ఇన్‌ఛార్జి. మరి ఇక్కడ పాఠాలెవరు చెబుతారండీ అని మా హెడ్మాస్టారు అడిగితే, అది వేరే శాఖ వ్యవహారమని జవాబొచ్చింది.

శిశుగృహ అంటే, కన్నవాళ్ళెవరో తెలియని పసికందుల్ని ఎవరో ఒకరు దత్తత తీసుకునేవరకు సర్కారు సాకే ఇల్లు. నేను చేరేనాటికి అందులో పదకొండుమంది ఉన్నారు. వాళ్ళకి నీళ్ళు పోసే ఆయా సింహాద్రమ్మ. ఇరవైమూడేళ్ళుగా ఆవిడకి అదే పని. పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ ముందుకి చాపి, పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, పిండితో నలిచి, పక్కనున్న బేసిన్లోంచి చెంబుతో ముంచి పోసేది. ఆ పోత అయ్యేసరికి పిల్లలు అక్కడే నిద్రలోకి జారుకునేవాళ్ళు.

వ్యవహారమంతా ఆవిడ మోచేతి దగ్గర మొదలైంది. మా కమిషనర్ గారు తనిఖీకి వచ్చిన రోజున సింహాద్రమ్మ బేసిన్లో వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ కలిపి, మోచెయ్యి ముంచి, ఇంకో అరచెంబు చన్నీళ్ళు పోసి, మళ్ళీ ముంచి చూసింది.

"ఎన్ని డిగ్రీలున్నాయి?" అన్నారు కమిషనర్ గారు.

"సరిపోద్ది బాబూ."

"సరిపోవడమంటే ఎన్ని?"

"గుంటకి సరిపోయినన్ని."

గుంట అంటే ఆవిడ మాటలో పసిబిడ్డ. ఆ జవాబుకి కమిషనర్ గారి మొహం మాడిపోయిందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. పదో రోజున సర్క్యులర్ దిగింది. 'శిశు స్నానజలముల ఉష్ణోగ్రతను శరీరావయవముల ఆధారముగా నిర్ధారించు అనాగరిక పద్ధతి తక్షణమే నిషేధించడమైనది. ఇకపై స్నానజలము ముప్పైఎనిమిది డిగ్రీలు ఉండవలెను. సదరు ముప్పైఎనిమిది డిగ్రీలు శాస్త్రీయ గణన ద్వారా మాత్రమే సాధించవలెను.' ఆ గణన చెయ్యడానికి నేనన్నమాట.

దీనికింత హడావుడెందుకు, ఒక థర్మామీటరు ముంచి చూస్తే పోలేదా అని మీరనుకుంటారు. చేరిన కొత్తలో నేనూ అన్నాను. మా సూపరింటెండెంటు హైమావతి గారు నావంక జాలిగా చూశారు.

"మేష్టారూ, కొలవడమంటే తప్పు జరిగాక తెలుసుకోవడం. లెక్కించడమంటే తప్పు జరక్కుండా చూడడం. వేణ్ణీళ్ళని విడిగా కొలవండి, కాదనను. చన్నీళ్ళని విడిగా కొలవండి. రెండూ కలిపాక మాత్రం థర్మామీటరు పెట్టకూడదు. పెడితే లెక్కని అనుమానించినట్టవుతుంది. లెక్క కింద ఉండేది మీ సంతకమే కదా?"

నా సంతకాన్ని నేనే అనుమానించడం బాగుండదని ఊరుకున్నాను.

మొదటి రోజు లెక్క దివ్యంగా వచ్చింది. కొళాయి నీళ్ళు పద్నాలుగు డిగ్రీలు. కొండమీద మార్గశిర మాసం మరి. కాగు నీళ్ళు ఎనభై. మూడు లీటర్ల వేణ్ణీళ్ళకి అయిదుంపావు లీటర్ల చన్నీళ్ళు కలిపితే సరిగ్గా ముప్పైఎనిమిది. వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణం, చల్లని వస్తువు గ్రహించిన ఉష్ణానికి సమానం. బోర్డు మీద వందసార్లు చేసిన లెక్కే. మూడు ప్రతులు రాసి సంతకం పెట్టాను. హైమావతి గారి సంతకానికి వెళితే ఆవిడ వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారు. సాక్షి సంతకం చెయ్యాల్సిన ఫార్మసిస్టు టీకి వెళ్ళాడు. అన్నీ అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. సంతకాలు పూర్తికాకుండా నీళ్ళు ముట్టుకోకూడదు.

సింహాద్రమ్మ కాళ్ళమీద ఆ రోజు మొదట ఉన్నది పూర్ణిమ. పదకొండుమందిలోకీ చిన్నది, కిలో తొమ్మిది వందల గ్రాములు. మొదటి చెంబు పడగానే కెవ్వుమంది. పెదాలు నీలం తిరిగాయి. సింహాద్రమ్మ చెంబు అవతల పారేసి, పిల్లని చీరకొంగులో చుట్టేసి గుండెకి అదుముకుంది.

"సల్లారిపోనాయి మేస్టారూ! గుంట వణికిపోతంది, సూడండి."

"లెక్క ప్రకారం ముప్పైఎనిమిది డిగ్రీలే ఉన్నాయి సింహాద్రమ్మా."

"మరా లెక్క గుంటకెవులు సెప్తారు?"

ఈ ప్రశ్న నా సిలబస్‌లో లేదు.

మర్నాటి నుంచి మేమిద్దరం మాట్లాడుకోకుండానే ఒక ఒప్పందానికి వచ్చాం. సంతకాలయ్యాక నేను కిటికీ దగ్గరికి వెళ్ళి కొండలకేసి చూస్తూ నిలబడేవాణ్ణి. నా వెనకాల కాగు మూత చప్పుడయ్యేది, నీళ్ళు పోసిన చప్పుడయ్యేది, కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ కాసేపూ ఆవిడ మోచెయ్యి నీళ్ళల్లో ఉండేది. "ఇంక సూడండి మేస్టారూ" అనేది. ఆ నెలలో నేను చూసినంతగా ఆ కొండల్ని ఎవరూ చూసి ఉండరు. పూర్ణిమ మూడువందల గ్రాములు పెరిగింది. నా ఫారాలన్నిటిలోనూ ముప్పైఎనిమిదే ఉంది.

ఒకరోజు హైమావతి గారు తలుపు తోసుకుని వచ్చేశారు. సింహాద్రమ్మ చేతిలో చెంబుంది, మోచేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంకేం చెప్పమంటారు? సాయంత్రానికి మెమో తయారైంది. 'మీ మోచెయ్యి తడిసియుండుట గమనించడమైనది. మరియొకసారి తడిసినచో ఎట్టి సంజాయిషీ కోరకుండ విధుల నుండి తొలగించబడుదురు.'

సింహాద్రమ్మ ఔట్‌సోర్సింగ్ మనిషి. తీసేస్తే అడిగే నాథుడు లేడు. మెమో నా చేత చదివించుకుని, మడిచి రవికలో దోపుకుంది.

"ఉజ్జోగం పోతే నాకేటుంది మేస్టారూ? మొగుడా, పిల్లలా? పొద్దున లేచి ఎక్కడికెల్తాను?" అంది. ఆవిడ ఎప్పుడూ అంతగా మాట్లాడదు.

ఒళ్ళుమండి ఆ రాత్రే ఒక ఉత్తరం రాశాను. సంతకాలు పూర్తయ్యేసరికి నీళ్ళు ఇరవైతొమ్మిది డిగ్రీలకి పడిపోతున్నాయని, సంతకాలు తగ్గించడమో, థర్మామీటరుకి అనుమతివ్వడమో చెయ్యాలని. జవాబు వారంలోనే వచ్చింది. అంత తొందరగా జవాబొచ్చిందంటే కొంప మునిగిందని నాకు అప్పుడే తెలియాల్సింది. సమ్మేళన జలములో థర్మామీటరు ముంచుటకు తమకు గల అధికారమేమి అన్నది మొదటి పేరా. రెండో పేరాలో, లెక్క ప్రకారం ఉండవలసిన ఉష్ణములో రోజుకి డెబ్భైనాలుగుంపావు కిలోకేలరీల లోటు కనబడుచున్నదని, దీనిపై సమగ్ర విచారణ జరుగునని ఉంది.

విచారణాధికారి మార్తాండరావు గారు స్వయంగా జీపులో వచ్చారు. నా టెన్త్ క్లాసు పుస్తకమే తెప్పించుకుని, సూత్రం కింద ఎర్రగీత గీసి పెట్టుకున్నారు.

"ఇందులో ఏముంది? కోల్పోయిన ఉష్ణం, గ్రహించిన ఉష్ణం సమానం. అంటే ఏమిటి? ఉష్ణం మాయమైపోదు. పోయిందీ అంటే ఎవరో పుచ్చుకున్నారన్నమాట. ఎవరు?"

"ఉష్ణనష్టం లేనప్పుడు అని కూడా ఉంటుందండి ఆ సూత్రంలో. ఇక్కడ బేసినుంది, గాలుంది, గోడలున్నాయి. పరిసరాలకి కొంత పోతుంది."

"అలాగా! ప్రభుత్వ ఆవరణలో నష్టం జరుగుతోందని, అది మీకు ముందునుంచీ తెలుసునని రాసిస్తారా? సంతకం పెడతారా?"

పెట్టనన్నాను. నాకు ఇద్దరు పిల్లలు. అప్పటికి అదే నా సమాధానం, ఇప్పటికీ అంతకంటే మంచిది దొరకలేదు.

ఆయన కాగితం తీసి, గదిలో ఉన్న చల్లని వస్తువులన్నీ ఒక జాబితాగా రాసుకున్నారు. బేసిను, చెంబు, పీట, నాలుగు గోడలు, కిటికీ, సింహాద్రమ్మ. "వీటిలో చేతులున్నది ఒక్కరికే" అన్నారు.

సింహాద్రమ్మని పిలిచి, నోట్లో థర్మామీటరు పెట్టించారు. ముప్పైఏడు. కాటా మీద నిలబెట్టించారు. యాభైరెండు కిలోలు. లెక్క కట్టి, ఆవిడ పోయిన ఉష్ణమంతా తీసుకుని ఉంటే ఒంటి వేడి ఒకటిన్నర డిగ్రీ పెరిగి ఉండాలన్నారు. పెరగలేదు కదండీ అన్నాను సంతోషంగా.

"అందుకే అనుమానం బలపడుతోంది. తీసుకున్నది తన దగ్గర ఉంచుకోలేదు. పిల్లలకేమైనా బదలాయించిందేమో చూడాలి."

"ఎత్తుకుంటే నా ఎచ్చన గుంటలకి తగలదేటి బాబూ?" అంది సింహాద్రమ్మ.

"నోట్ చేసుకోండి. ఒప్పుకుంది" అన్నారు మార్తాండరావు గారు.

విచారణలో రెండు సిఫార్సులు తేలాయి. ఒకటి, సింహాద్రమ్మకి ఆఖరి హెచ్చరిక. రెండోది, లోటు తొమ్మిది డిగ్రీలని తేలింది గనక, ముందే ఆ తొమ్మిదీ కలిపి నలభైఏడు డిగ్రీలకి నీళ్ళు కలపాలి. ఇది నోటిమాటే, కాగితం మీద మాత్రం ముప్పైఎనిమిదనే రాయాలి. సంతకాలు తగ్గించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నలభైఏడు ఒకందుకు నాకు సుఖమే. మూడు లీటర్ల వేడివి, మూడు లీటర్ల చల్లవి. వేడి నీళ్ళు మరికాస్త జోరుగా చల్లారతాయి కాబట్టి నలభై నిమిషాలకి ముప్పైనాలుగూ ముప్పైఅయిదుకి వచ్చేవి. సింహాద్రమ్మ మోచెయ్యి తడవకుండా గుడ్డ చుట్టుకుని, పళ్ళు బిగబట్టి, అవే పోసేది. పిల్లలు ఏడ్చేవాళ్ళు గానీ నీలం తిరగడం మానేశారు. ఇంతలో 'శాస్త్రీయ స్నానం' విజయవంతమైందని పై ఆఫీసులో అనుకున్నారు. దాన్ని కళ్ళారా చూడ్డానికి కమిషనర్ గారు వస్తున్నారని కబురొచ్చింది.

ఆ రోజు స్నానాలగదిలో కుర్చీలు వేశారు. కమిషనర్ గారు, మార్తాండరావు గారు, హైమావతి గారు, ఫొటోలు తీసే మనిషి, అందరూ సర్దుకుని కూర్చున్నారు. సింహాద్రమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని పూర్ణిమని పడుకోబెట్టుకుంది. నేను మూడూ మూడూ ఆరు లీటర్లు కలిపి, మూడు ప్రతులు రాసి, సంతకం పెట్టి అందించాను. హైమావతి గారు అందుకుని అక్కడే సంతకం పెట్టారు. ఫార్మసిస్టు పొద్దుటినుంచి పెన్ను మూత తీసుకుని నిలబడే ఉన్నాడు. వాడూ పెట్టాడు. మొత్తం రెండు నిమిషాలు.

సంతకాలకి నలభై నిమిషాలు పడుతుందని ప్రభుత్వాన్ని నమ్మి కట్టిన లెక్క అది. కమిషనర్ గారి ఎదుట మా ఆఫీసు రెండు నిమిషాల్లో పని పూర్తిచేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. బేసిన్లో నలభైఏడు డిగ్రీల నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

"ఊఁ, కానియ్యండి" అన్నారు కమిషనర్ గారు.

సింహాద్రమ్మ చెంబు ముంచింది. చెంబు పైకెత్తి, ఆ పొగ చూసి, నావంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. నన్ను మీరేమన్నా తిట్టుకోండి, చూశాను. ఆవిడ చెంబు కింద పెట్టి, మోచేతికి చుట్టుకున్న గుడ్డ ఊడదీసి, అందరూ చూస్తుండగా బేసిన్లో ముంచింది. ముంచిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఈ నీలు పోత్తే గుంట తోలు ఊడొచ్చేత్తాది బాబూ! నాను పొయ్యను. ఎవులొచ్చి సెప్పినా పొయ్యను."

"నా ఎదురుగానే!" అన్నారు కమిషనర్ గారు, లేచి నిలబడి.

మార్తాండరావు గారు గడియారం చూసి టైము రాసుకున్నారు. హైమావతి గారు నూకరత్నాన్ని పిలిచారు. నూకరత్నం కొత్తగా చేరిన ఆయా. సింహాద్రమ్మ పూర్ణిమని వదల్లేదు. హైమావతి గారూ ఫార్మసిస్టూ కలిసి పిల్లని విడిపించి, సింహాద్రమ్మని బయటికి నడిపించారు. గుమ్మం దాకా వెళ్ళి "మేస్టారూ!" అని ఒక్క కేక వేసింది. నూకరత్నం పీట మీద కూర్చుని, ఏడుస్తున్న పిల్లని కాళ్ళమీద వేసుకుని, చెంబు అందుకుంది.

నలభైఏడని నేను చెప్పాలి. చెబితే, ముప్పైఎనిమిదని సంతకం ఎందుకు పెట్టావంటారు. చెంబు ఎత్తుతున్న చెయ్యి కనబడుతూనే ఉంది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట వినండి.

"సార్, మూడో ప్రతిమీద తమరి కౌంటర్ సంతకం లేదు. తనిఖీ అధికారి హాజరై ఉన్నప్పుడు అది లేకుండా ఒక్క చుక్క పోసినా నిబంధనలకి విరుద్ధం."

నూకరత్నం చెయ్యి ఆగిపోయింది. కమిషనర్ గారి మొహం వికసించింది.

"శభాష్! ఇలాంటి మనిషి ఉండాలయ్యా."

ఆయన సంతకం పెట్టారు. స్టాంపు కూడా ఉండాలన్నాను. స్టాంపు బీరువాలో ఉంది, బీరువా తాళం అటెండరు దగ్గరుంది, అటెండరు గేటు దగ్గరున్నాడు. స్టాంపొచ్చాక ఇంకుప్యాడు ఎండిపోయి ఉంది. దానికి నీళ్ళు చల్లుదామన్నారు. ప్రభుత్వ ముద్రకి నీళ్ళు పనికిరావని నేనే అడ్డం పడ్డాను. ఆ తర్వాత వరుస సంఖ్యలు వెయ్యలేదని గుర్తుచేశాను. ఆ పైన తేదీని అక్షరాల్లో రాయించాను. నలభైఏడు ముప్పైఎనిమిదికి దిగడానికి ఇరవైఏడు నిమిషాలు పడుతుందని మనసులో లెక్క కట్టుకున్నాను. నా సర్వీసు మొత్తంలో పిల్లలకి పనికొచ్చిన లెక్క అదొక్కటే. ఇరవైఎనిమిదో నిమిషాన "ఇంక పొయ్యొచ్చు సార్" అన్నాను.

మొదటి చెంబు పడింది. పూర్ణిమ ఏడుపు ఆపేసింది. రెండో చెంబుకి ఆవులించింది. గదంతా చప్పట్లు.

"చూశారా? అవే నీళ్ళు!" అన్నారు కమిషనర్ గారు అందరివైపూ తిరిగి. "తోలు ఊడిపోతుందందే, ఆ మనిషి, అవే నీళ్ళు! శరీరావయవం ఎంత అబద్ధమాడుతుందో ఇంతకంటే రుజువేం కావాలి?"

నాకు ప్రశంసాపత్రం, సింహాద్రమ్మకి తొలగింపు ఉత్తర్వు ఒకే కవర్లో వచ్చాయి. ఉత్తర్వు అందజేసినట్టు నేనే సంతకం పెట్టాలి. పెట్టాను. గేటు దగ్గర ఆవిడ సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"గుంటకేటీ అవనేదు గదా మేస్టారూ?"

"ఏమీ అవలేదు."

"అయితే పోనీలెండి" అని సంచీ భుజాన వేసుకుంది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆగమ్మా, తప్పు నాది, అనాలి. అనలేదు.

వారం తిరక్కుండా కమిషనర్ గారే ఫోన్ చేశారు. వాళ్ళమ్మాయికి పురుడొచ్చిందట, మగపిల్లాడట.

"శుభం సార్. లెక్కకి రమ్మంటారా? మూడు ప్రతులూ పట్టుకొస్తాను" అన్నాను. ఏమైతే అదయిందని అన్నమాటే అది.

ఆయన గొంతు తగ్గించారు. "మేష్టారూ, ఇది ఇంటి వ్యవహారం. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. తెలిసిన చెయ్యి కావాలంటోంది. ఆ... ఆ మనిషి ఫోన్ నంబరు మీ దగ్గరుందా?"

"ఉంది సార్. కాని ఆవిణ్ణి మోచెయ్యి తడిసిందని తీసేశాం కదా. అలాంటి మనిషిని పసిబిడ్డ దగ్గర పెట్టొచ్చా, రూల్సు ఒప్పుకుంటాయా అని..."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. సింహాద్రమ్మని మానవతా దృక్పథంతో తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది. ఉద్యోగం శిశుగృహలో, పని చేయు స్థలం కమిషనర్ బంగళా. ఉద్యోగం వచ్చిందని నేను సంబరపడి రెండో వాక్యం సరిగ్గా చదవలేదు. ఆవిడకి వినిపించేటప్పుడు చదివాను. ఆవిడ పదకొండు మంచాలూ ఒకదాని తర్వాత ఒకటి తడిమి, జీపెక్కింది.

మర్నాడు పొద్దున ఫారాలు పక్కన పడేసి, స్నానాలగది తలుపుకి గడియ పెట్టించాను. నీళ్ళు కలిపి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి ముంచాను. ఏమీ తెలియలేదు. తీసి మళ్ళీ ముంచాను. వేడో, చలో, నాకేమీ అంతుపట్టలేదు. నూకరత్నం పూర్ణిమని ఎత్తుకుని నా మొహంలోకి చూస్తోంది. సిగ్గు విడిచి సింహాద్రమ్మకి ఫోన్ చేశాను. అవతల నీళ్ళ చప్పుడు, మధ్యలో కమిషనర్ గారి మనవడి తుమ్ము ఒకటి.

"ఏటి మేస్టారూ?"

"మోచెయ్యి పెట్టాను సింహాద్రమ్మా. ఏమీ తెలియడం లేదు. నీకెలా తెలుస్తుంది?"

"గుంటనెత్తుకున్నారా?"

"నూకరత్నం దగ్గరుంది."

"ఇన్నాల్లలో ఒక్కపాలైనా ఎత్తుకున్నారేటి మీరు?"

పదకొండుమంది పేర్లూ, బరువులూ నాకు కంఠతా వచ్చు. ఒక్కళ్ళనీ ముట్టుకోలేదు.

"ముందు గుంటనెత్తుకోండి. ఆల్ల ఒంటి ఎచ్చన మీ సేతికి తెలిత్తే, నీల్ల సంగతి దానంతటదే తెలుత్తాది. నాను ఫోన్ పెట్టను, ఎత్తుకోండి."

ఫోన్ కిటికీలో పెట్టి చేతులు చాపాను. నూకరత్నం పూర్ణిమని జాగ్రత్తగా నా చేతుల్లోకి మార్చింది. మెడ దగ్గర వెచ్చగా ఉంది, అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. అది నా చొక్కా గుండీ పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

"మేష్టారూ, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అంది నూకరత్నం.

"పోనీ, మళ్ళీ కాచు" అన్నాను.